ఏడాది సరుకు: ఎండలుండగానే ఏం దాచుకోవాలి, ఎలా దాచుకోవాలి

శివరాత్రి వెళ్లి ఎండ ముదిరిందంటే పెద్దవాళ్లున్న ఇంట్లో ఒకటే మాట మొదలవుతుంది: "ఈసారి మిరపకాయలు ఎప్పుడు తెప్పిద్దాం?" అక్కణ్ణుంచి చింతపండు, కందిపప్పు, వడియాలు, ఆవకాయ వరసగా వచ్చి పడతాయి. మృగశిర కార్తె వచ్చి చినుకు పడేలోపు అన్నీ డబ్బాల్లోకి, జాడీల్లోకి చేరిపోవాలి.

మా అమ్మమ్మల కాలంలో అన్నీ ఏడాదికే కొనేవాళ్లు. సొంత పంట ఉండేది, ఇంట్లో గాదె ఉండేది, పనిచేయడానికి పది చేతులుండేవి. రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో, ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో అదే పద్ధతి పట్టుకుంటే సగం సరుకు పురుగుల పాలవుతుంది. ఏడాదికి దాచుకోవాల్సినవి నాలుగే అని నా లెక్క: కారం, చింతపండు, ఊరగాయలు, వడియాలు. కందిపప్పు ఆరు నెలలకు చాలు. బియ్యం సంగతి వేరు, దాని గురించి తర్వాత చెబుతాను. సూపర్‌మార్కెట్లో ఏ రోజైనా ఒకే రకంగా దొరికే పంచదార, రవ్వ, మైదా, నూనె ప్యాకెట్లను ఏడాదికి తెచ్చి అటకమీద పెట్టుకోవడంలో అర్థం లేదు. పిండి సరుకైతే అసలే వద్దు. గోధుమపిండి, శనగపిండి నెల దాటితేనే వాసన మారుతుంది.

ముందు లెక్క వేసుకోండి

పక్కింటివాళ్లు పది కిలోలు తెచ్చారని మనమూ పది కిలోలు తెచ్చుకుంటే చివరికి పంచిపెట్టుకోవడమే. ఫిబ్రవరి నెలంతా ఒక చిన్న పని చేయండి. నెల మొదట్లో కారం డబ్బా, చింతపండు డబ్బా, పప్పు డబ్బా తూకం వేసి రాసుకోండి. నెలాఖరున మళ్లీ వేయండి. తేడాను పన్నెండుతో హెచ్చించి, పండగలకీ చుట్టాలకీ ఇంకో నెల వాడకం కలుపుకోండి. మీ ఇంటి లెక్క అదే. సుమారుగా చెప్పమంటే, రోజూ వంట చేసుకునే నలుగురి ఇంటికి కూరల కారం మూడు కిలోలు, చింతపండు అయిదారు కిలోలు సరిపోతాయి. పులుసు, చారు రోజూ ఉండే ఇంటికి చింతపండు ఇంకాస్త పడుతుంది. ఊరగాయల కారం ఈ లెక్కలోకి రాదు, దాన్ని విడిగా చూసుకోవాలి.

ఈ పని మొత్తంలో గుర్తు పెట్టుకోవాల్సిన మొదటి శత్రువు తేమ. పురుగు పట్టినా, బూజు వచ్చినా, ముద్ద కట్టినా, పచ్చడి పాడైనా వెతికితే మూలం అక్కడే ఉంటుంది. రెండో శత్రువు తొందర. ఎండలోంచి తీసిన సరుకును వేడివేడిగా డబ్బాలో పోసి మూత పెడితే లోపల చెమట పడుతుంది. రెండు రోజులు ఎండబెట్టిన ఫలితం ఆ ఒక్క చెమటతో పోతుంది. అందుకే ఏదైనా సరే సాయంత్రం లోపలికి తెచ్చి, నీడలో పరిచి, చేయి పెడితే చల్లగా తగిలాకే డబ్బాకెక్కించాలి.

మొదటి పని: మిరపకాయలు, కారం

గుంటూరు యార్డుకి కొత్త కాయ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా జోరుగా వస్తుంది. ఖమ్మం, వరంగల్ మార్కెట్లకూ అప్పుడే. మార్చిలో కొంటే తాజా కాయ దొరుకుతుంది, ఎండబెట్టుకోవడానికి ఎండా ఉంటుంది. జూన్ తర్వాత బయట అమ్మే కాయ చాలావరకు కోల్డ్ స్టోరేజీల్లోంచి వచ్చినది. అది చెడ్డదని కాదు, ఆ చల్లదనంలోంచి బయటికి రాగానే మెత్తబడుతుంది, ఆరబెట్టడానికి అప్పుడు ఎండ ఉండదు.

ఏ రకం కొనాలి? తేజ కాయ సన్నగా ఉంటుంది, ఘాటు ఎక్కువ. గుంటూరు సన్నం రకాలు ఘాటులో కాస్త మధ్యస్థం, రంగూ బాగుంటుంది. కర్ణాటక నుంచి వచ్చే బ్యాడిగి ముడతలు పడి ఉంటుంది, ఎర్రటి రంగిస్తుంది గానీ కారం తక్కువ. పిల్లలున్న ఇంటికి రెండు వంతులు సన్నం, ఒక వంతు బ్యాడిగి కలిపి పట్టిస్తే కూర ఎర్రగా ఉంటుంది, నోరు మండదు. తేజ ఒక్కటే పట్టించి, ఆ తర్వాత ప్రతి కూరలో అర చెంచా వేసుకుంటూ "రంగు రావట్లేదు" అనుకునేవాళ్లను చాలామందిని చూశాను.

కొనేటప్పుడు సంచి పైకాయ చూసి సరిపెట్టుకోవద్దు. చేయి లోపలికి పోనిచ్చి మధ్యలోంచి ఒక గుప్పెడు తీయండి. గుప్పెట్లో ఊపితే గింజలు గలగలమనాలి. కాయ వంచితే ఫెళ్లున విరగాలి. తోలులా వంగిందంటే తేమ ఉన్నట్టే, తేమకూ మిరపకాయ ధరే కడుతున్నారన్నమాట. తెల్లబడిన తాలు కాయలు ఎక్కువుంటే ధర ఎంత తక్కువైనా వదిలేయండి. కాయ చీల్చి చూసినప్పుడు లోపల నల్లగా, బూజుగా కనిపిస్తే ఆ బస్తా జోలికే పోవద్దు. తేమ పట్టిన మిరపకాయల్లో పెరిగే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. ఎండబెట్టినా, వేయించినా అది పూర్తిగా పోదు.

ఇంటికి తెచ్చాక రెండు మూడు రోజులు ఎండలో పెట్టండి. పాత చీర పరిచి, పలచగా ఒక వరస పోసి, పైన ఇంకో పలచటి గుడ్డ కప్పితే రంగు వెలవదు, దుమ్ము పడదు. తొడిమలు ఎండబెట్టకముందు తీయాలా, తర్వాతా అని ప్రతి ఇంట్లో ఒక వాదన ఉంటుంది. ఒక రోజు ఎండాక తీయడం మేలు. తొడిమ తేలిగ్గా ఊడొస్తుంది, కాయ మాత్రం ఇంకా మరీ పెళుసెక్కి ఉండదు కాబట్టి గింజలు రాలవు. చేతులకు ముందే నూనె రాసుకోండి. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లు ఆ పని ఇంకొకరికి వదిలేయడం మంచిది. ఆ రాత్రి లెన్సు తీసేటప్పుడు తెలుస్తుంది ఎందుకు చెప్పానో.

మర దగ్గర కూడా జాగ్రత్త కావాలి. మనకంటే ముందు ఎవరైనా పసుపో, ధనియాలో పట్టించి ఉంటే మొదటి దోసెడు పొడి పక్కన పెట్టించండి. దగ్గరుండి పట్టించుకోండి. కారం మరలోంచి చెయ్యి కాలేంత వేడిగా వస్తుంది. దాన్ని అలాగే స్టీలు డబ్బాలో నొక్కి మూత పెట్టకండి. ఇంటికి రాగానే గుడ్డ మీద పరిచి, ఫ్యాను ఆపేసి, పూర్తిగా చల్లారనివ్వండి. ఫ్యాను ఎందుకు ఆపాలో ఇల్లంతా తుమ్ముకుంటే తెలుస్తుంది.

మూడు నెలల కారం మాత్రం వంటింట్లో ఉంచుకుని, మిగతాది గాలి చొరని కవర్లలో కట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. కారం రంగు వెలుతురుకీ వేడికీ తగ్గిపోతుంది. స్టవ్ పక్క అలమరాలో, గాజు సీసాలో పెట్టిన కారం దీపావళికల్లా ఇటుకపొడి రంగుకి దిగుతుంది. ఫ్రిజ్ ప్యాకెట్ తీసినప్పుడు మాత్రం అది గది వేడికి వచ్చాకే విప్పండి, లేదంటే చల్లటి పొడిమీద చెమ్మ పడుతుంది. వెల్లుల్లి కలిపిన కూరకారం, సాంబారు కారం లాంటివి ఏడాదికి కొట్టుకోవద్దు. వెల్లుల్లి తడి సరుకు, నెలకోసారి రోట్లోనో మిక్సీలోనో దంచుకుంటే వాసనా బాగుంటుంది.

మర దగ్గరికి వెళ్లే తీరిక లేక పొడి బయట కొంటుంటే ఒక చిన్న పరీక్ష: గ్లాసు నీళ్లలో చిటికెడు కారం పైనుంచి చల్లండి. రంగు కలిపినదైతే ఎర్రటి చారలు కిందికి దిగుతాయి.

చింతపండు

ఇందులో పెద్ద విద్యేమీ లేదు, ఓపిక కావాలంతే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కొత్త చింతపండు వస్తుంది. హిందూపురం మార్కెట్ దీనికి పేరుపడ్డది. కొత్త పండు ఎర్రగా, కాస్త తీపి కలిసిన పులుపుతో ఉంటుంది. నిల్వ ఉన్నకొద్దీ నల్లబడుతుంది. నల్లబడటం పాడవడం కాదు.

పెంకు ముక్కలు, ఈనెలు, పిక్కలు పూర్తిగా తీసేయండి. పిక్క ఉంటే దానిలోంచే పురుగు మొదలవుతుంది. టీవీ ముందు కూర్చుని ఇంటిల్లిపాదీ రెండు సాయంత్రాల్లో చేసేయగల పని ఇది, ఒక్కరి నెత్తిన వేయొద్దు. రెండు రోజులు ఎండబెట్టి, చల్లార్చి, కిలోకి పెద్ద గుప్పెడు కళ్లుప్పు చొప్పున పొరలు పొరలుగా వేస్తూ జాడీలో గట్టిగా నొక్కండి. మధ్యలో గాలి ఉండకూడదు. జాడీ, మట్టికుండ, మందపాటి గాజు సీసా ఏదైనా పరవాలేదు. అల్యూమినియం, ఇత్తడి వద్దు, పులుపు లోహాన్ని తినేస్తుంది. ఉప్పు కలిపి దాచారు కాబట్టి వంటలో ఉప్పు చూసి వేసుకోవాలి. కొత్తకోడలికి ఈ సంగతి చెప్పకపోతే మొదటి వారం చారు ఉప్పుకషాయమే.

కందిపప్పు, బియ్యం

కొత్త కంది పంట సంక్రాంతి తర్వాత మార్కెట్‌కి వస్తుంది, పప్పు మార్చికి బాగా దొరుకుతుంది. తెలంగాణలో తాండూరు కందిపప్పుకి ఎప్పటినుంచో పేరుంది, 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆరు నెలలకు సరిపడా తెచ్చుకుని ఒక రోజు ఎండబెట్టండి. చల్లారాక కిలోకి ఒక చెంచా వంటకు పనికొచ్చే ఆముదం వేసి రెండు అరచేతులతో పప్పు గింజగింజకూ అంటేలా రుద్దండి. నూనె పూత ఉన్న గింజమీద పురుగు గుడ్డు పెట్టినా నిలవదు. వండేముందు గోరువెచ్చటి నీళ్లతో కడిగితే జిడ్డు పోతుంది. ఆముదం వాసన గిట్టనివాళ్లు పప్పును రెండేసి కిలోల కవర్లలో కట్టి నాలుగైదు రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. కంటికి కనిపించకుండా గింజలో ఉన్న గుడ్లు కూడా చచ్చిపోతాయి. తర్వాత బయటికి తీసి, కవరు విప్పకుండానే గది వేడికి రానిచ్చి, డబ్బాలో పోసుకోవచ్చు.

పెసలు, శనగలు, బొబ్బర్లు లాంటి బద్ద చేయని గింజలకు పుచ్చు త్వరగా పడుతుంది. వీటిని మూడు నెలలకు మించి దాచకపోవడమే తెలివి.

బియ్యం దగ్గర నేను పాత పద్ధతికి పూర్తిగా వ్యతిరేకం. పొలమున్నవాళ్లు ఏడాదికి దాచింది వడ్లు. గాదెలో, గరిసెలో, పాతరలో వడ్లే పోసి, రెండు నెలలకోసారి మరకు పంపేవాళ్లు. ఊక గింజకి కవచంలా ఉంటుంది. ఆ ఊక తీసేసిన బియ్యాన్ని పది బస్తాలు తెచ్చి ఫ్లాట్‌లో పెట్టుకుంటే ముక్కపురుగుకి పండగే. మీకు కావాల్సింది పాత బియ్యం అయితే దుకాణంలోనే పాతవి అడిగి తెచ్చుకోండి. పంట కోసిన ఆరు నెలలకైనా అన్నం పొడిపొడిగా వస్తుంది. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204, అదే మన సాంబ మసూరి, పాతబడ్డాక ఇంకా బాగుంటుంది. పాతిక కిలోల బస్తా చొప్పున నెలకో, రెండు నెలలకో తెచ్చుకోవడమే ఈ రోజుల్లో సరైన పద్ధతి. బస్తా విప్పగానే మూత గట్టిగా పట్టే డబ్బాలో పోసి నాలుగు ఎండుమిరపకాయలు, బాగా ఎండిన వేపాకు గుడ్డమూటలో కట్టి వేయండి. పచ్చి వేపాకు రెమ్మలు విరిచి వేసేవాళ్లున్నారు. ఆకులోని తడి బియ్యంలోకి చేరి, మంచి కోసం చేసిన పని ఎదురు తిరుగుతుంది.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ధాన్యం గోదాముల్లో వాడే విషపు మాత్రల్ని ఎవరో తెచ్చిచ్చారని ఇంట్లో బియ్యం డబ్బాలో వేయకండి. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు తేమ తగిలితే వదిలే వాయువు మనుషుల ప్రాణాలు తీస్తుంది. తలుపులు మూసి పడుకునే ఇంట్లో అది ఉండకూడని వస్తువు. బోరిక్ పౌడర్ కూడా తినే గింజల్లో కలపాల్సినది కాదు. పురుగు పడితే చెరిగి, ఎండబెట్టుకోవచ్చు. విషం కలిపితే ఏం చేసినా తిరిగిరాదు.

వడియాలు

ఏప్రిల్ రెండో వారం నుంచి మే మధ్య దాకా వడియాలకు మంచి రోజులు. ఎండ నిప్పులా ఉండాలి, గాలిదుమారం ఉండకూడదు. ఫోన్లో మూడు రోజుల వాతావరణం చూసుకుని మొదలుపెట్టండి. మధ్యలో మబ్బు పట్టిందంటే పిండి పులిసి వాసనొస్తుంది, ఆ టెన్షన్ పడలేం.

బూడిద గుమ్మడికాయ వడియాలే అన్నిటికంటే పెద్ద పని. పైన బూడిద దట్టంగా పట్టిన ముదురు కాయ తీసుకోండి. మూడు కిలోల కాయకి అరకిలో నుంచి ముప్పావు కిలో మినప్పప్పు. రాత్రి కాయను తొక్కతోనే సన్నటి ముక్కలుగా తరిగి, గింజలు తీసి, ఉప్పు పసుపు పట్టించి గుడ్డలో మూటకట్టండి. ఆ మూట మీద బరువు పెట్టి సింకులోనో, జల్లిబుట్టలోనో తెల్లవార్లూ వదిలేయాలి. మినప్పప్పు కూడా అదే రాత్రి నానబెట్టుకోవాలి. తెల్లవారుజామున పప్పు వంపేసి, పచ్చిమిర్చి, జీలకర్ర, ఇంగువ వేసి, నీళ్లు దాదాపు పోయకుండా గట్టిగా రుబ్బండి. పిండిలో ఉప్పు వేసేముందు ముక్కల్లో ఎంత ఉప్పు మిగిలిందో రుచి చూడండి. మూట మళ్లీ ఒకసారి గట్టిగా పిండి, ముక్కల్ని పిండిలో కలపండి.

ఎండ పైకి రాకముందే డాబామీద తడిపి పిండిన పాత పంచె పరిచి, నిమ్మకాయంత ముద్దలు కాస్త ఎడంగా పెట్టుకుంటూ పోవాలి. మొదటిరోజు కదిలించొద్దు. సాయంత్రం గుడ్డతో సహా లోపలికి తెచ్చుకోండి. రెండో రోజు గుడ్డ తిరగేసి వెనకనుంచి నీళ్లు చిలకరిస్తే వడియాలు వాటంతటవే విడివడతాయి. ఆత్రపడి పొడిగుడ్డ మీదనుంచి పీకితే అడుగు ఊడి ముక్కలైపోతాయి. తిరగేసి ఇంకో రెండు మూడు రోజులు ఎండనివ్వండి. ఒకటి విరిచి మధ్యలో చూడండి. అక్కడ కాస్తయినా తెల్లగా, మెత్తగా ఉంటే ఇంకా ఒక ఎండ కావాలి. పైన గట్టిపడి లోపల పచ్చి మిగిలిన వడియమే శ్రావణంలో బూజు పడుతుంది.

సగ్గుబియ్యం వడియాలు తేలిక. ఉడికించిన జావను గరిటెతో మందపాటి ప్లాస్టిక్ షీటు మీద పోస్తే రెండు ఎండల్లో ఊడొస్తాయి. ఇక చల్ల మిరపకాయలకు కారం తక్కువుండే లావు కాయ కొనండి. నిలువుగా గాటు పెట్టి, ఉప్పు వేసిన పుల్లటి మజ్జిగలో మూడు రోజులు నానబెట్టండి. తర్వాత పగలు ఎండలో, రాత్రి మళ్లీ ఆ మజ్జిగలో. మజ్జిగంతా కాయలే పీల్చేశాక పూర్తిగా ఎండబెడితే పని అయిపోయినట్టు.

డాబా లేనివాళ్ల మాటేమిటి? బాల్కనీలో పదకొండు నుంచి మూడు దాకా ఎండ పడితే చాలు, ఒక రోజు ఎక్కువ పడుతుందంతే. పావురాలకు పైన దోమతెర కప్పండి. కోతులున్న ఊళ్లో దోమతెర పనిచేయదు, మనిషి కాపలా ఉండాల్సిందే. సెలవులకొచ్చిన పిల్లలకు ఆ ఉద్యోగం ఇవ్వొచ్చు. పచ్చి వడియాలు వాళ్లే సగం తినేస్తారు, ఆ లెక్క కూడా ముందే వేసుకోండి.

ఆవకాయ

మామిడికాయ టెంక గట్టిపడాలి, పులుపు తగ్గకూడదు, పెద్దవాన పడకూడదు. ఈ మూడూ కలిసే రోజులు మే నెలలో ఉంటాయి. రోహిణి కార్తె, అంటే మే 25 ప్రాంతం దాకా ఆగొచ్చు, అంతకు మించి ఆలస్యం చేస్తే కాయ పండుబారుతుంది. జలాలు, తెల్లగులాబి, కొత్తపల్లి కొబ్బరి, చిన్నరసం, ఎవరి ప్రాంతంలో వాళ్లకు ఒక రకం మీద నమ్మకం. రకం ఏదైనా ఒక కాయ కోసి చూడండి. కండ తెల్లగా, గట్టిగా ఉండి, నాలుక మీద పెడితే కళ్లు మూసుకుపోవాలి. పసుపు రంగు తిరిగిందంటే ముక్క ఆరు నెలలకు మెత్తబడుతుంది.

కాయలు కడిగి, గంటసేపు నీళ్లలో వేసి, ఒక్కొక్కటీ పొడిగుడ్డతో తుడవాలి. తొడిమ దగ్గర గుంటలో నీళ్లు నిలుస్తాయి, అక్కడ గుడ్డ కొస దూర్చి తుడవండి. మార్కెట్లో కొట్టించుకుంటే సొంత గుడ్డలు తీసుకెళ్లండి, కత్తి, చెక్క తుడిపించాకే కొట్టమనండి. ప్రతి ముక్కకీ టెంక అంటుకుని ఉండాలి. జీడి తీసేసి, టెంక లోపలున్న పలచటి పొరను కూడా తీయాలి. ఆ తర్వాత ముక్కల్ని ఫ్యాను కింద గుడ్డమీద గంటసేపు ఆరనివ్వండి. ఎండలో పెట్టొద్దు.

కొలత సంగతికి వద్దాం. పాత లెక్క గిద్దలు, సోలల్లో ఉంటుంది. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. కొలపాత్రతో తేడా వచ్చేది ఉప్పు దగ్గరే. కళ్లుప్పు దంచినది ఒక బరువు, మెత్తటి ప్యాకెట్ ఉప్పు ఇంకో బరువు. కాబట్టి తూకం మేలు. కిలో ముక్కలకి కారం 200 గ్రాములు, ఆవపిండి 200 గ్రాములు, ఎండబెట్టి దంచిన కళ్లుప్పు 175 నుంచి 200 గ్రాములు, మెంతులు రెండు చెంచాలు, పసుపు ఒక చెంచా, పప్పునూనె, అంటే నువ్వులనూనె, అరకిలో. ఇది కోస్తా పద్ధతి. తెలంగాణ ఇళ్లలో దీనికి అల్లం వెల్లుల్లి ముద్ద తోడవుతుంది, నూనె కాచి తాలింపు వేసి, పూర్తిగా చల్లారాక కలుపుతారు. అల్లం కడిగాక ఒక పూట ఆరబెట్టి, నీటి చుక్క లేకుండా నూరడమే అందులో కిటుకు.

మీ ఇంట్లో అమ్మో అత్తగారో చేత్తో వేసే మనిషైతే ఆమెను కొలతలు అడగకండి, చెప్పలేరు. బేసిన్‌ను కిచెన్ తూకం మీద పెట్టి ఆమెనే వేయమనండి. ప్రతి గుప్పెడు తర్వాత అంకె నోట్ చేసుకోండి. ఆమె "ఇంకొంచెం" అని చివర్లో వేసే ఆ చిటికెళ్లు కూడా రాయండి. మీ ఇంటి ఆవకాయ రుచి చాలామటుకు ఆ చివరి చిటికెళ్లలోనే ఉంటుంది.

ఆవాలు సన్నవి తీసుకుని ఎండబెట్టి, మిక్సీని ఆపి ఆపి తిప్పండి. ఆపకుండా తిప్పితే వేడికి పిండి చేదెక్కుతుంది. పొడులన్నీ వెడల్పాటి బేసిన్‌లో ముందు కలిపేయండి. ముక్కలు గుప్పెడు గుప్పెడు నూనెలో ముంచి, పొడిలో పొర్లించి, జాడీలో వేసుకుంటూ పోవాలి. మిగిలిన పొడి, నూనె పైన పోసి, మూత పెట్టి, మూతి చుట్టూ గుడ్డ బిగించి వాసెన కట్టండి.

మూడో రోజు తిరగకలపడం తప్పనిసరి. జాడీలోంచి మొత్తం బేసిన్‌లోకి తీసి, అడుగునుంచి కలిపి, ముక్క నోట్లో వేసుకుని చూడండి. ఆ రోజు ఉప్పు మీకు కావలసిన దానికంటే కాస్త ఎక్కువ అనిపించాలి. సరిగ్గా ఉందనిపిస్తే తక్కువైనట్టే, ఎందుకంటే ముక్క ఇంకా ఉప్పు పీల్చుకుంటుంది. బీపీ ఉందని జాడీలో ఉప్పు తగ్గించొద్దు, కంచంలో ఆవకాయ తగ్గించుకోండి. ఉప్పు తగ్గితే మొత్తం జాడీ పోతుంది. నూనె ముక్కల పైకి అంగుళం తేలాలి, తేలకపోతే ఇంకా పోయండి. ఆ రోజు బేసిన్‌లో మిగిలిన పిండిలో వేడన్నం కలుపుకోవడం ఏ ఇంట్లోనూ ఎవరూ నేర్పక్కర్లేని పని.

మాగాయ పెట్టేవాళ్లు చెక్కు తీసిన ముక్కల్ని ఉప్పు, పసుపులో మూడు రోజులు ఊరనిచ్చి, గట్టిగా పిండేసి, ముక్కలూ ఊటా విడివిడిగా ఎండలో పెట్టి, తర్వాత కారం, మెంతిపిండి కలుపుతారు. ఆవకాయకి ఎండ అక్కర్లేదు, మాగాయ ఎండ లేకపోతే లేదు. అందుకే రెండూ పెట్టే ఇంట్లో మాగాయ ముందు మొదలుపెట్టాలి.

వానాకాలం కాపలా

పెట్టడంతో పని అయిపోలేదు. పెద్ద జాడీని రోజూ తెరవొద్దు. పది రోజులకు సరిపడా చిన్న సీసాలోకి తీసుకుని, తీసిన ప్రతిసారీ పైన నూనె ఉందో లేదో చూడండి. గరిటె పొడిగా ఉండాలి, చెయ్యి అసలు పెట్టొద్దు. పైన తెల్లగా బూజు కనిపిస్తే "పైది తీసేస్తే సరి" అనుకోవడం చాలామందికి అలవాటు. బూజు పైకి కనిపించినంత మేరే ఉండదు. చిన్న సీసాకి వస్తే సీసా మొత్తం పారేయండి, పెద్ద జాడీని వెంటనే చూసుకోండి.

ఆషాఢం, శ్రావణం నెలల్లో రెండు వారాలకోసారి డబ్బాలన్నీ తెరిచి వాసన చూడండి. పప్పులో తుట్టెలు కట్టినట్టు కనిపిస్తే పురుగు మొదలైనట్టే. ఎండ లేదు కాబట్టి చెరిగి, జల్లించి, ఫ్రీజర్‌లో పెట్టడమే దారి. వడియాలు మెత్తబడితే ఎండ వచ్చిన పూట కాసేపు పెట్టండి. రోజంతా ముసురే అయితే అడుగు మందం మూకుడు సన్నమంట మీద వేడిచేసి, స్టవ్ ఆపేసి, అందులో వేసి కలిపితే చెమ్మ పోతుంది. డబ్బాలు నేలమీద, గోడకు ఆనించి పెట్టొద్దు. వానల్లో గోడ చెమ్మ డబ్బాలోకి చేరకపోయినా దాని చుట్టూ పురుగును పిలుస్తుంది. కింద చెక్కపీట వేయండి.

ప్రతి డబ్బా మీదా ఏం పెట్టారు, ఎప్పుడు పెట్టారు, ఎంత బరువు అని కాగితం అంటించండి. విదేశాల్లో ఉన్న పిల్లలకు పంపేవాళ్లు వాటా ముందే తీసి పెట్టాలి. కొత్తగా కలిపిన ఆవకాయ దారిలో నూనె కక్కుతుంది. కనీసం నెల ఊరాక, పైన తేలే నూనె తగ్గించి, సీలు వేసే పచ్చళ్ల దుకాణంలో రెండు పొరల ప్యాకింగ్ చేయించి పంపండి. వాళ్లు చేరాక గాజు సీసాలోకి మార్చుకుని, కాచి చల్లార్చిన పప్పునూనె పైన పోసుకోవాలి. పిల్లవాడికి ఆ ఒక్క మాట ఫోన్లో చెప్పడం మర్చిపోకండి, వాళ్లు కవరుతోనే ఫ్రిజ్‌లో పెట్టేసి చెంచా దూరుస్తారు.

వచ్చే మార్చిలో కొత్త కారం వచ్చేనాటికి పాతది ఎంత మిగిలిందో తూచి ఆ కాగితం మీదే రాయండి. అరకిలో కంటే ఎక్కువ మిగిలితే ఈసారి అంత మేర తగ్గించి కొనండి. మిగిలిన పాత కారాన్ని కొత్తదానిలో కలపకుండా ముందు వాడేయండి. చింతపండు మిగిలితే మాత్రం కంగారు లేదు, పాతది పులిహోరకు పక్కన పెట్టుకోండి.